చెవి గుర్తు

ముప్పై ఒక్క ఏళ్ళు
ఉర్బానో పేజీ తిప్పితే నేనూ తిప్పాను.
అతను తుమ్మి ఆగిన రోజు నేనూ ఆగాను.
ఒకసారి నా కాగితం తలకిందులుగా ఉంటే
డ్రమ్ము కొట్టే కుర్రాడు చూసి నవ్వాడు,
ఎవరికీ చెప్పలేదు.
లేదా అందరికీ చెప్పాడు. ఈ దీవిలో రెండూ ఒకటే.

నా బొంబార్దీనో, ఇత్తడి దూడ,
ఒళ్ళో పెట్టుకుంటే చాలు, రాగం తీసేది.
చెవిన పడ్డది పెదవులకు దిగేది.
మధ్యలో కళ్ళకేం పని?

ఈ వసంతంలో పడవ దిగింది
బాండుకి కొత్త నాయకురాలు.
సంచిలో ఎవరూ ఎక్కడా వినని మార్చ్.
"ఎర్మీనియో గారూ, మీరే మొదలుపెట్టాలి."
హాల్లో ఇరవై రెండు మంది.
రేకుల మీద వాన కూడా ఆగింది
వీడేం చేస్తాడో చూద్దామని.

అందుకని, మంగళవారాలూ గురువారాలూ
పాలు పితికి, చీజ్ మూసలకు బరువులెత్తి,
గోళ్ళలో పులుపు వాసన పోయేదాకా తోముకుని
వెనక గదిలో గ్రసియెత్ ముందు కూర్చుంటాను.
తనకి తొమ్మిదేళ్ళు, కాళ్ళు నేలకి ఆనవు.
నాకు యాభై తొమ్మిది, మోకాళ్ళు బల్ల కింద పట్టవు.

"ఎన్ని గీతలు?"
"ఐదు."
"లెక్క వచ్చుగా, మరి ఆ చెమటలెందుకు?"

గీతల మొదట్లో వంకర గుర్తొకటి,
పక్కన రెండు చుక్కలు.
ఇన్నాళ్ళూ అచ్చు వేసినవాడి అలంకారం అనుకున్నా.
పరీక్షగా చూస్తే, చెవి!
చెవితో బతికినవాడికి
గుమ్మంలోనే చెవి బొమ్మ వేసి పెట్టారు,
నేనే లోపలికి రాలేదు.

అక్షరాల్లా చూస్తే తలకెక్కలేదు.
చివరికి మా కొండవాలు గుర్తొచ్చింది.
నల్లరాతి గోడలు ఐదు, ఒకదాని మీద ఒకటి,
నడుమ గడ్డి.
రెండో గోడా మూడో గోడా మధ్య నిలబడ్డ ఆవు దో.
నాలుగో గోడ మీద కాళ్ళేసిన దొంగగొడ్డు ఫా.
మబ్బు కమ్మినా నా ఆవుల్ని గుర్తుపట్టేవాణ్ణి,
వీటిని పట్టలేనా?
గ్రసియెత్‌కి ఈ పద్ధతి అస్సలు నచ్చలేదు.
ఆ మర్నాడు మాత్రం పలక మీద
ఒక స్వరానికి తోక గీస్తూ దొరికింది.

మౌనానికి కూడా గుర్తుందని తెలిసిన రాత్రి
నాకు నిద్ర పట్టలేదు.
గీతకు వేలాడే చిన్న నల్లదిమ్మ:
నాలుగు లెక్కపెట్టు, ఊదకు.
నా ముందు వాయించిన బెలార్మీనో పాత కాగితాల్లో
గీత పైన పెన్సిల్‌తో కామా లాంటి మచ్చ.
దుమ్మనుకుని ఎన్నేళ్ళు చేత్తో తుడిచానో.
"ఊపిరి తీసుకోమని," అంది పిల్ల.
ఆ చోట నేనెప్పుడూ
గుడ్లు తేలేసి, ఊపిరి అందక ఈడ్చేవాణ్ణి.

అక్కడితో ఆగినా బాగుండేది.
ఊరేగింపు మార్చ్, పన్నెండో గడి,
కళ్ళు మూసుకుని వాయిస్తానే, అదే,
గ్రసియెత్ వేలు పెట్టి ఆపింది.
"ఇక్కడ సీ బెమోల్. అరమెట్టు కిందకి."
"లేదు."
"ఉంది."
ఉంది. చెవి గుర్తు పక్కనే, ప్రతి వరుసలోనూ.
ముప్పై ఒక్క ఊరేగింపులు,
ఎన్ని పెళ్ళిళ్ళు, మా అన్న శవపేటిక వెనక కూడా,
అరమెట్టు పైనే నడిచాను.
ఉర్బానోకి తెలుసా? అడగలేదు.

ఆదివారం రాసి ఉన్నట్టే వాయించాను.
స్వరం సరిగ్గా, బూటులో కొత్త పాదంలా పడింది.
కిటికీలో చిక్కుళ్ళు ఒలుస్తున్న జుల్మీరా
తలెత్తి, పక్కింటావిడతో అంది:
"పాపం, ఎర్మీనియోకి ఒంట్లో బాగాలేదా?
ఇవాళ ఎవరో తప్పు ఊదుతున్నారు."

నవ్వు తన్నుకొచ్చి తర్వాతి స్వరం జారింది.
ఎక్కడ జారిందో ఈసారి నాకు తెలుసు:
పద్నాలుగో గడి, మూడో గోడ మీద.